పన్నెండు రూపాయల ఖోలీ, ఏడున్నర వేల మంచం

మా చిన్నోడు నెలకు ఇరవై నాలుగు వేలు సంపాదిస్తాడు. అంధేరి దగ్గర విమానాల్లో సరుకు పంపే ఆఫీసులో లెక్కలు రాసే పని. బీకాం చదివాడు. మా ఇంట్లో జీతం నేరుగా బ్యాంకులో పడ్డది వాడితోనే మొదలు. రెండేండ్ల సంది పని చేస్తున్నాడు, బ్యాంకులో పదివేలు లేవు. పోయిన దీపావళికి ఇంటికొస్తే అందరి ముందు అడిగిన, "పైసలన్ని ఏం చేస్తున్నవ్‌రా?" అని. పళ్ళెం దిక్కే చూసుకుంట కూర్చున్నాడు తప్ప జవాబు చెప్పలేదు. వాళ్ళవ్వ అడ్డం వచ్చింది. నేను ఊకోలేదు. "మేం బొంబాయికి వచ్చినప్పుడు ఒక్క ఖోలీల ఎనిమిది మందిమి ఉన్నం. మీకు కష్టమంటే ఏం తెలుసు" అన్న.

ఆ మాట వాపసు తీసుకోవడానికే ఇది రాస్తున్న. నాది నాలుగో తరగతి చదువు, అక్షరాలు మా కోడలు సరిచేసింది. తప్పులుంటే ఆమెవి కావు, నావే.

దీపావళి అయినంక మూడు వారాలకు ఒక ఆదివారం వాడు ఉండే చోటికి పోయిన. మా ఇంటామె సకినాలు డబ్బాలో పోసి ఇచ్చింది. భివండీ పద్మానగర్ నుంచి సాకీనాకా పోవాలంటే ముందు బస్సో షేర్ ఆటోనో పట్టి ఠాణే, అక్కడ లోకల్ ఎక్కి ఘాట్కోపర్, అక్కడ దిగి మెట్రో. సెలవు రోజు, జనం తక్కువున్న రోజు కూడా నాకు రెండు గంటల పైన పట్టింది. పని రోజుల్లో మన భివండీ రోడ్ల సంగతి మీకు చెప్పే పని లేదు. మావాడు మొదటి నాలుగు నెలలు ఇంటి నుంచే పోయి వచ్చాడు. పొద్దున ఆరింటికి వెళ్తే రాత్రి పదకొండు. ఒకసారి ఠాణేలో దిగాల్సినవాడు నిద్రపోయి కల్యాణ్‌లో లేచాడు. ఆ తర్వాతే అక్కడ మంచం తీసుకున్నాడు. గది కాదు, మంచం. పీజీ అంటారు. ఒక మంచం, ఒక ఇనుప అల్మారాలో ఒక అర. నెలకు ఏడున్నర వేలు. ముందుగా డిపాజిట్ పదిహేను వేలు.

నేను పోయేసరికి కింద చూసుకునే మనిషి పేరు రాయించుకొని, తండ్రిని కాబట్టి అరగంట కూర్చోవచ్చు అన్నాడు. గోడ మీద కాగితం అతికించి ఉంది. వంట చేయొద్దు. రాత్రి పది దాటినంక ఎవరూ రావొద్దు. వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిది దాకే. లోపల పైన ఒకటి కింద ఒకటి చొప్పున మూడు జతల మంచాలు, అంటే ఆరు. నేను కింది మంచం మీద మెడ వంచి కూర్చున్న, నిటారుగా కూర్చుంటే పై మంచం తగులుతుంది. కూర్చొని ఊరికే ఉండలేక కండ్లతోనే కొలిచిన. పది అడుగులకు పన్నెండు. లోయర్ పరేల్‌లో మా బాపు ఖోలీ అంతే ఉండె. ఇంచు ఎక్కువ తక్కువ లేదు.

మూల మంచం మీద రెండు బ్యాగులు కనపడ్డాయి. "ఇదేందిరా ఒక మంచానికి ఇద్దరు?" అన్న. ఒకడు ఒడిశా గంజాం పిల్లగాడు, కాల్ సెంటర్‌లో రాత్రి డ్యూటీ. ఇంకొకడు సోలాపూర్ మనోడే, పగలు డ్యూటీ. ఒకడు లేచి పోతే ఒకడు వచ్చి పండుకుంటాడు. తలా నాలుగున్నర వేలు. మంచం చల్లబడదు. నాకు నవ్వు వచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది.

నలభై ఏడేండ్ల కింద నేను పండుకున్నది కూడా అట్లనే.

1978లో సిరిసిల్ల తాలూకా నుంచి వచ్చిన. అప్పుడు నాకు పద్దెనిమిది. మా బాపు అప్పటికే మిల్లులో నేత ఖాతాలో ఉన్నాడు, ఖోలీ ఆయన పేరు మీద ఉండె. అందులో ఎనిమిది మందిమి, అందరం చుట్టుపక్కల ఊర్లోళ్ళమే. మూడు పాళీలు కాబట్టి ఎనిమిది మంది ఒక్కసారి ఎప్పుడూ ఇంట్లో లేము. రాత్రి పాళీ వాడు పొద్దున వచ్చి చాప పరిచేసరికి పొద్దుటి పాళీ వాడు చాప చుట్టి పెట్టి పోయి ఉంటాడు. ఆదివారం నాడు మాత్రం సగం మంది వరండాలో. నల్లుల సంగతి చెప్పను. పాయఖానా దగ్గర డబ్బా పట్టుకొని వరుసలో నిలబడ్డది కూడా చెప్పను, చదివేవాళ్ళలో సగం మంది నిలబడ్డవాళ్ళే.

ఖోలీ కిరాయి నెలకు పన్నెండు రూపాయలు. తలా రూపాయిన్నర. నేను బదిలీ కార్మికుణ్ణి, పొద్దున గేటు కాడ నిలబడితే ఎవడన్నా పనికి రాకుంటే నాకు పని. నెలంతా దొరికితే నాలుగు వందల పైన చేతికొచ్చేది. అంటే నూరు రూపాయలు సంపాదిస్తే కిరాయికి అర్ధ రూపాయి కూడా పోలేదు. తిండికి ఖాణావళి ఉండె. మా చాళ్‌లోనే ఒక మరాఠీ మౌసి ఇరవై మందికి వండేది. నెలకు తొంభై రూపాయలు, అదీ జీతం వచ్చినంక. గిరణ్‌గావ్‌లో ఇట్లాంటి ఆడవాళ్ళు వేలమంది ఉండె. వాళ్ళనే కూడగట్టి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ సమ్మె మొదలైతే రెండున్నర లక్షల మంది పని ఆగిపోయింది. మా మౌసి మాకు రెండు నెలలు ఉద్దెరకే అన్నం పెట్టింది. ఆమె బాకీ నేను 1984లో తీర్చిన.

మా చిన్నోడి లెక్క అదే ఆదివారం కాగితం మీద రాయించిన. మంచానికి ఏడున్నర వేలు. రెండు పూటల డబ్బాకు మూడు వేల ఆరు వందలు. చాయ, పొద్దుటి తిండి కలిసి పద్దెనిమిది వందలు. రాకపోకలకు పదిహేను వందలు. ఫోన్‌కు మూడు వందలు. చదువుకున్నప్పుడు తీసుకున్న అప్పుకు కిస్తు పద్నాలుగు వందలు. ఇంటికి పంపేది ఐదు వేలు. ఇరవై ఒక్క వేల నూరు. మిగిలేది మూడు వేలకు తక్కువ, అందులోనే బట్టలు, మందులు, దోస్తు పెండ్లి. పది రూపాయలు సంపాదిస్తే మూడు రూపాయలు మంచానికే. నేను రూపాయిన్నర ఇచ్చి వాడికి కష్టం నేర్పబోయిన.

ఇంకో లెక్క కూడా వేసిన, అది వాడికి చెప్పలేదు. ఐదు మంచాలకు ఏడున్నర వేల చొప్పున, మూల మంచానికి తొమ్మిది వేలు. ఆ గది నెలకు నలభై ఆరున్నర వేలు సంపాదిస్తుంది. భివండీలో మా నాలుగు సాంచాలు కలిసి ఏ నెలా అంత సంపాదించలేదు, నేనూ మా ఇంటామె పన్నెండు గంటలు నిలబడ్డా.

సకినాలు పంచి లేస్తుంటే గంజాం పిల్లగాడు హిందీలో అన్నాడు, "కాకా, ఇప్పుడు నయమే కదా, జులైలో అయితే మేం భయపడ్డం" అని. మావాడు వాణ్ణి కండ్లతో ఆపబోయాడు. అప్పుడు తెలిసింది. వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చింది. మిగతావాళ్ళకు అంటుతుందని చూసుకునే మనిషి వారం రోజులు బయట ఉండమన్నాడు. డెంగీ దోమతో వస్తుంది, పక్కన పండుకుంటే రాదు, అది మా మనవరాలికి కూడా తెలుసు. మావాడు విరార్‌లో ఆఫీసు దోస్తు ఇంట్లో పడి ఉన్నాడు. ఆ నెల కూడా మంచానికి ఏడున్నర వేలు కట్టాడు. మాకు ఫోన్ చేసి పని ఎక్కువ ఉంది, ఈ ఆదివారం రాను అన్నాడు.

"ఎందుకు చెప్పలేదురా?" అన్న.

"చెప్తే వచ్చి తీస్కపోతరు బాపూ. ఇంటి నుంచి మళ్ళ పనికి పోవుడు నాతోని కాదు. పనే పోతది" అన్నాడు.

1980లో నాకు కామెర్లు వచ్చినప్పుడు ఖోలీలో ఏడుగురు వంతులేసుకొని చూశారు. నేను చెప్పేది ఆ రోజులు బంగారమని కాదు. మా అవ్వ బతికినన్ని రోజులు ఊర్లోనే ఉంది, మొగడు బొంబాయిలో ఉన్నాడు. ఎనిమిది మంది మొగోళ్ళ ఖోలీలో ఆడమనిషికి జాగ ఏది? ఏడాదికి నెల రోజుల సంసారం ఆమెది. పన్నెండు రూపాయల కిరాయికి ఆమె కట్టింది ఎవ్వరూ లెక్క రాయలేదు. అయినా ఒక తేడా ఉంది. మా ఖోలీ నుంచి మమ్మల్ని వెళ్ళిపొమ్మనే మనిషి లేడు.

ఎందుకు లేడంటే చట్టం. 1947లో బొంబాయి కిరాయి చట్టం వచ్చింది. పాత కిరాయిల మీద పెంచకూడదు, కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు. తండ్రి పోతే కూడా ఉన్న కొడుకుకు ఖోలీ వస్తుంది. అందుకే పన్నెండు రూపాయలు పన్నెండు రూపాయలుగానే ఉంది. దానివల్ల ఓనర్లు మరమ్మతు మానేశారు, వానకు పైకప్పు కారేది, కూలిన చాళ్‌లు కూడా ఉన్నాయి. అది వేరే కథ.

ఇప్పటి పిల్లలు కిరాయిదారులు కారు. కాగితం మీద లీవ్ అండ్ లైసెన్స్ అని ఉంటుంది, అంటే ఇన్ని నెలలు ఉండడానికి అనుమతి, అంతే. చాలావరకు పదకొండు నెలలే. గడువు దాటి ఉంటే రెట్టింపు కట్టాలి, అది 1999 మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టంలోనే ఉంది. పదకొండు నెలలు కాగానే ఐదు శాతం, పది శాతం పెంచుతారు. ఇష్టం లేకపోతే ఇంకో ఇల్లు, ఇంకో దలాలు, దలాలుకు ఇంకో నెల కిరాయి. ఇంటివాళ్ళు పెట్టే షరతులు వేరు. పెండ్లి కానివాళ్ళకు ఇవ్వం అనే సొసైటీలు ఉన్నాయి, మాంసం తినేవాళ్ళకు ఇవ్వం అనేవి ఉన్నాయి. మావాడు ఇరవై ఇండ్లు చూశాడట. పేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఏం తింటావని అడుగుతారు, జీతం ఆఖరుకు అడుగుతారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

సమ్మె తర్వాత 1983 ఆఖరులో నన్ను మళ్ళ పనిలోకి తీసుకున్నారు. కాని మిల్లు నిలబడలేదు, తొమ్మిది పదేండ్లకు మూతపడ్డది. మా బాపు పోయినంక ఖోలీ నా పేరు మీదికి వచ్చి ఉండె. అప్పటికి పెండ్లయింది, ఇద్దరు పిల్లలు, అప్పులు. పగడీ మీద ఖోలీ ఇస్తే లక్షా ముప్పై వేలు వస్తాయన్నారు. అందులో మూడో వంతు ఓనర్‌కు పోతుంది, అది అప్పటి రివాజు. 1994లో ఇచ్చేసిన. అప్పులు తీరినంక మిగిలిన పైసలతో భివండీలో నాలుగు పాత సాంచాలు కొన్న. అప్పుడు అందరూ తెలివైన పని చేసినవన్నారు. పద్మానగర్‌లో ఇట్లా వచ్చినవాళ్ళు నేనొక్కణ్ణే కాదు. సాంచాలు ఇరవై ఏండ్లు నడిచాయి, ఆఖరుకు ఇనుము కింద కిలోల లెక్కన పోయాయి.

ఆ చాళ్ కూల్చి టవర్ కట్టారు. ఉన్న కిరాయిదారులకు అందులోనే సొంత ఇండ్లు దొరికాయి. వర్లీ బీడీడీ చాళ్‌లలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నూట అరవై చదరపు అడుగుల ఖోలీ పట్టుకొని ఓపిక పట్టినవాళ్ళకు ఇప్పుడు ఐదు వందల చదరపు అడుగుల ఇల్లు. వాళ్ళ పిల్లలు ఇరవై నాలుగు వేల జీతంతో కూడా బొంబాయిలో నిలబడతారు. మావాడు నిలబడలేడు. తేడా చదువుది కాదు, తెలివిది కాదు. తండ్రి ఖోలీ అమ్మిండా అమ్మలేదా, అంతే.

మావాడు ఈ మాట ఎన్నడూ అనలేదు. ఒక్కసారి లోయర్ పరేల్ స్టేషన్ వంతెన మీద నిలబడి, "మన ఖోలీ ఎక్కడుండె బాపూ?" అని అడిగాడు. నేను చెయ్యి చూపిన. వాడు చాలాసేపు చూశాడు. అప్పుడు వాడికి పదిహేనేండ్లు, ఫీనిక్స్ మిల్లు జాగలో కట్టిన మాల్ చూడడానికి పోయినం.

మిల్లు కార్మికుల ఇండ్ల లాటరీ సంగతి అడుగుతారు మీరు. 1982 జనవరి 1 నాటికి గాని ఆ తర్వాత గాని మిల్లు పట్టీలో ఉన్నవాళ్ళకు, వాళ్ళ వారసులకు హక్కు ఉంది. 2012 నుంచి లాటరీలు తీశారు. రెండు వందల ఇరవై ఐదు చదరపు అడుగుల ఇల్లు. దరఖాస్తులు లక్షకు పైన, ఇండ్లు వేలల్లో. నేనూ పెట్టిన, నా పేరు ఇంకా రాలేదు. మన పాతవాళ్ళలో ఎవరి దగ్గరన్నా టికెట్టు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ చీటీ ఉంటే పారెయ్యకండి. ట్రంకు పెట్టె అడుగున వెతకండి. మనం పోయినా పిల్లలకు పనికొస్తుంది.

మా గల్లీలోనే లెక్క పెడితే పదకొండు మంది పిల్లలు ఇట్లా బయట మంచాల మీద ఉన్నారు. పుణెలో నలుగురు, నవీ ముంబైలో ముగ్గురు, మిగతావాళ్ళు బొంబాయిలో. ఒక ఆడపిల్ల బెంగళూరులో ఉంది. అక్కడ ఇల్లు తీసుకోవాలంటే కొన్నిచోట్ల పది నెలల కిరాయి డిపాజిట్ అడుగుతారు. అంత ఎక్కడిది? ఆ పిల్ల కూడా మంచమే తీసుకుంది. ఆ తల్లి మొన్న మా ఇంట్లో కూర్చొని, "పిల్లను పంపి మూడేండ్లాయె, పిల్ల పండుకునే జాగ నేను చూడలె" అన్నది.

చూడండి. ముందు అది చేయండి. పోయి ఆ మంచం మీద అరగంట కూర్చోండి. ఆ తర్వాత పైసల గురించి అడగండి.

ఇంకొన్ని సంగతులు తెలుసుకున్న, చెప్తా. మహారాష్ట్రలో లీవ్ అండ్ లైసెన్స్ కాగితం రాతలో ఉండాలి, రిజిస్టరు చేయాలి. చేయించే బాధ్యత ఇంటి ఓనర్‌ది, చట్టం 55వ సెక్షన్. చేయకపోతే మూడు నెలల దాకా జైలు గాని, ఐదు వేల దాకా జుర్మానా గాని, రెండూ గాని. అంతకన్నా మనకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. రిజిస్టరు లేకుండా తకరారు వస్తే, ఏ షరతుల మీద ఇచ్చారో దాని గురించి ఉంటున్నవాడి మాటే నిజమని పట్టుకుంటారు, కాదని చూపించే పని ఓనర్‌ది. పిల్లలకు ఈ సంగతి తెలియదు, పది రూపాయల కాగితం మీద సంతకం పెట్టి వస్తారు. రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చొని కూడా అవుతుంది. డిపాజిట్ చేతిలో నోట్లుగా ఇయ్యొద్దు, బ్యాంకు నుంచి పంపాలి. సామాను పెట్టకముందే గోడలు, నల్లాలు, ఫ్యాన్లు ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు పాత పగులుకు కూడా మన డిపాజిట్‌లో కోస్తారు.

హెవీ డిపాజిట్ అనేది ఇంకోటి ఉంది. ఒకేసారి నాలుగు లక్షలు, ఐదు లక్షలు ఇస్తే నెల కిరాయి ఉండదు, పోయేటప్పుడు పైసలు వాపసు. వినడానికి మంచిగుంటుంది. మనకు తెలిసిన ఒకాయన కళ్వాలో ఐదు లక్షలిచ్చి కొడుకును కోడలిని పెట్టాడు. ఆ ఇల్లు ముందే బ్యాంకుకు కుదువ పెట్టి ఉంది. ఓనర్ కిస్తులు కట్టలేదు, బ్యాంకు వాళ్ళు వచ్చి సీలు వేశారు. ఐదు లక్షలు బిడ్డ పెండ్లికి దాచినవి. కాగితం రిజిస్టరు కాలేదు. ఆయన ఇప్పటికీ ఓనర్ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు.

ఒక మాట మన పెద్దలకు. పిల్లలకు సంబంధం చూసేటప్పుడు "బొంబాయిల సొంతిల్లు ఉందా?" అని అడగడం మనమే మొదలుపెట్టినం. అడిగే మనకు ఉందా? మా చిన్నోడికి ఇరవై ఏడు. రెండు సంబంధాలు ఈ ఒక్క మాట మీదే వెనక్కు పోయాయి. ఒకాయన అయితే నాతో సమానంగా సాంచె నడిపినవాడే.

ఇంకోటి, మన కులపోళ్ళ మంగళ కార్యాలయం పై అంతస్తులో రెండు గదులు ఉన్నాయి. పెండ్లిళ్ళు లేని నెలల్లో కుర్చీలు తప్ప ఏమీ ఉండవు. ఆ పిల్లలు జ్వరం వచ్చి వస్తేనో, ఇల్లు మారే నడుమ పదిరోజులు జాగ లేకపోతేనో అక్కడ ఆరు మంచాలు వేయవచ్చు కదా అని కమిటీలో అడిగిన. బొంబాయికి దూరం కదా అన్నారు. దూరమే. కాని ఇట్లాంటి ఊర్లు, ఇట్లాంటి హాళ్ళు మనకు ఇంకా చోట్ల ఉన్నాయి, ఒకరి పిల్లలను ఒకరు చూసుకోవచ్చు అన్న. కరెంటు బిల్లు ఎవరు కడతారన్నారు. వచ్చే నెల మళ్ళ అడుగుతా.

మావాడి మంచం గడువు ఫిబ్రవరితో అయిపోతుంది. ఎనిమిదిన్నర వేలు చేస్తామన్నారు. వాడు, గంజాం పిల్లగాడు, సోలాపూర్ పిల్లగాడు ముగ్గురు కలిసి దివాలో వంటగది ఉన్న ఒక చిన్న గది చూస్తున్నారు. కిరాయి తొమ్మిది వేలు, తలా మూడు. రైలు ఎక్కువ, కిరాయి తక్కువ. గంజాం పిల్లగాడికి వంట వచ్చట. డిపాజిట్ యాభై వేలు, దలాలుకు తొమ్మిది వేలు. నా దగ్గర పెన్షన్ లేదు, మా ఇంటామె కండెలు చుట్టి దాచినవి ఉన్నాయి, అందులో ఇరవై వేలు ఇస్తనన్నది. తీసుకోనంటున్నాడు. తీసుకుంటాడు.

వచ్చే ఆదివారం పొద్దున పదకొండింటికి దలాలు రమ్మన్నాడు. నేనూ పోతున్న. ముందు కాగితం చూపించమంటా, తర్వాత గది.